కూన అప్పగింతలు

పలమనేరులో పశుసంవర్ధక డిప్లొమా చదివిన రెండేళ్లలో పిల్లి గురించి మాకు చెప్పింది ఒక పూట పాఠం కూడా ఉండదు. పాడి మీద బతికే జిల్లా మాది. ఆవు, గేదె, గొర్రె, కోడి దాటితే సిలబస్ అయిపోయినట్టే. ఆ తర్వాత గోపాలమిత్రగా బండి వెనక ద్రవ నత్రజని క్యాన్ కట్టుకుని, ఎదకొచ్చిన ఆవులకు సూదులు వేస్తూ ఊళ్లు తిరిగాను. అక్కణ్ణుంచి వచ్చి దోహాలో ఒక ప్రైవేటు పశువైద్యశాలలో సహాయకుడిగా చేరితే, చేతికి వచ్చేవి చాలామటుకు పిల్లులే.

"పిల్లికి ఆస్పత్రా?" అని మా పెద్దమ్మ ఫోన్లో పడీ పడీ నవ్వింది. ఆవిడ నవ్వులో న్యాయముంది. మన ఊళ్లలో పిల్లి ఎవరిదీ కాదు. ఎలకలున్నన్నాళ్లు ఉంటుంది, పాలగిన్నె మీద మూత జారితే వస్తుంది. ఎదురొస్తే మనమే వెనక్కి తిరిగి, కాసిని నీళ్లు తాగి మళ్లీ బయల్దేరతాం. దాన్ని చంకనేసుకుని డాక్టరు దగ్గరికి పోవాలని ఎవరికి తోస్తుంది? జీతం రియాళ్లలో ఇస్తారని చెప్పాక పెద్దమ్మ నవ్వడం మానింది.

నేనుండేది అల్ ముంతజాలో. సి రింగ్ రోడ్డును ఆనుకున్న పాత పేట. మూడు నాలుగంతస్తుల బిల్డింగులు, మధ్యమధ్య గోడలు లేపి గదులుగా చీల్చిన విల్లాలు, కింద బకాలా అనే కిరాణా కొట్టు, పక్కన టైలరు, ఎదురుగా కేరళ హోటలు. దగ్గర్లోనే పెద్ద పార్కు. ఒకప్పుడు దాన్నీ ముంతజా పార్కనే అనేవాళ్లు, 2022లో కొత్తగా తీర్చి రౌదత్ అల్ ఖైల్ పార్కు అన్న పేరుతో తెరిచారు. పిల్లికి కావలసినవన్నీ ఈ పేటలో ఉన్నాయి. హోటళ్ల వెనక చెత్త డబ్బాలు, నీడకు వరసగా నిలిపిన కార్లు, ఎండ 45 డిగ్రీలు దాటిన రోజుల్లో తాగడానికి ఏసీల నుంచి కారే నీళ్లు. తిండి పెట్టేవాళ్లకూ లోటు లేదు. పిల్లిని బంధించి తిండి పెట్టకుండా చంపిన స్త్రీ నరకానికి పోయిందన్న హదీసు ఇక్కడ డ్రైవర్ల నుంచి దుకాణదారుల దాకా అందరి నోటా వింటాను. తెల్లవారుజామున నమాజుకు పోయే పెద్దమనుషులు జేబులోంచి గుప్పెడు పిల్లి తిండి తీసి గోడవారగా పోసిపోవడం ఇక్కడ మామూలు దృశ్యం. నా ఫిర్యాదు ఒక్కటే. తిండి పెట్టే చేతులు ఎన్నో, పట్టుకెళ్లి ఆపరేషన్ చేయించే చేతులు ఏ కొన్నో. కాబట్టి మార్చి దాటిందంటే ప్రతి మెట్ల కిందా కూనలే.

మా బిల్డింగు వాచ్‌మన్ జగిత్యాల దిక్కు మనిషి. నాకంటే పెద్దవాడు, అన్నా అంటాను. ఒక ఏప్రిల్ సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. "తమ్మీ, జర కిందికి రా. ఏసీ డబ్బా ఎనుక పిల్లికూన ఒర్లుతున్నది."

దిగి చూశాను. పసుపు చారల కూన, గోడకూ ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కూ మధ్య సందులో. అన్న చెయ్యి పెట్టబోతే ఆపాను. ఈ పనిలో మొదటి నియమం, ఒంటరి కూన కనపడగానే ఎత్తుకోకూడదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన ముసలమ్మలు ఊరికే అనలేదు. తల్లి ఒక్కొక్కదాన్నీ మెడ కరుచుకుని చోటు మారుస్తుంది. మనం చూసింది రెండో విడత కోసం ఆగి ఉన్న కూన కావచ్చు. దాన్ని దయతో ఎత్తుకుపోతే తల్లి నుంచి వేరు చేసినట్టే. తల్లిపాలకు సాటి వచ్చే డబ్బా పాలు ఏ షాపులోనూ దొరకవు. అందుకని అన్న గదిలోంచి గోధుమపిండి తెప్పించి సందు చుట్టూ పలచగా చల్లాను. తల్లి వచ్చిపోతే పిండిలో అడుగులు పడతాయి. "ముగ్గేసినవా తమ్మీ?" అన్నాడు అన్న. ఎండలు ముదరని రోజులు కాబట్టి రాత్రంతా ఆగగలిగాం, అదే జులైలో అయితే అంతసేపు ఆగేవాణ్ణి కాదు. తెల్లారి చూస్తే పిండి చెదరలేదు. అరుపు మాత్రం సన్నబడింది.

చేత్తో పట్టలేదు. ఐదు వారాల కూన కాటు కూడా వేలిలోకి దిగుతుంది, పిల్లి కాటు చీము పట్టే రకం. బుట్టలాంటి క్యారియర్‌లో వాసనొచ్చే తడి తిండి పెట్టి, వెనక నిలబడి, లోపలికి పోగానే తలుపు వేశాను. క్లినిక్‌లో తూచితే అర కిలోకు కాస్త తక్కువ. పిల్లికూన ఈడు చెప్పడానికి మాకు రెండు ఆధారాలు, తూకం, పళ్లు. మొదటి నెలల్లో నెలకు సుమారు 450 గ్రాముల చొప్పున పెరుగుతుంది. ముందు పళ్లు మూడో వారంలో, కోరలు నాలుగో వారంలో, దవడ పళ్లు ఐదారు వారాలకు వస్తాయి. దీనికి కోరలు వచ్చేశాయి, దవడ పళ్లు చిగుళ్ల కింద గట్టిగా తగులుతున్నాయి. కళ్లలో పుట్టు నీలం ఇంకా పోలేదు. మగ కూన. పసుపు చారల పిల్లుల్లో ఎక్కువ మగవే ఉంటాయి, మూడు రంగులు కలిసి కనిపిస్తే దాదాపు ఎప్పుడూ ఆడదే.

ఐదారు వారాలు అనగానే నాకు తొందర పట్టుకుంది. అమెరికాలో టెంపుల్ యూనివర్సిటీకి చెందిన ఐలీన్ కార్ష్ 1980ల్లో చేసిన పరిశోధన మా పనికి పునాది. పిల్లికూన మనిషిని తనవాడిగా ఒప్పుకునే కాలం రెండో వారం నుంచి ఏడో వారం దాకా అని ఆవిడ తేల్చింది. ఆ లోపు మనుషుల చేతుల్లో మెలిగిన కూన జీవితమంతా మనుషుల్ని నమ్ముతుంది. ఆ కిటికీ మూసుకున్నాక మచ్చిక అసాధ్యమేమీ కాదుగానీ, రోజుల పని నెలలవుతుంది. అంటే దీనికి మిగిలింది వారం, పది రోజులు.

ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి చిక్కు. నేనుండేది కంపెనీ ఇచ్చిన వసతి, జంతువులకు ప్రవేశం లేదు. ఖతార్ యానిమల్ వెల్ఫేర్ సొసైటీ లాంటి ఆశ్రయాలు దాతలమీదా స్వచ్ఛంద సేవకులమీదా నడిచేవి, వాటిలో చోటు అడిగినప్పుడల్లా దొరకదు. చివరికి అన్నే తన గదిలో ఒక మూల ఇచ్చాడు. "ముదీర్‌కు తెలిస్తే మాత్రం నీ పేరే చెప్త" అన్నాడు, మేనేజర్ని తలుచుకుని. చెప్పేవాడు కాదని ఇద్దరికీ తెలుసు.

నేను వెళ్లేసరికి అన్న గిన్నెలో పాలు పోసి ఉంచాడు. ఈ దేశంలో పాలకు కొదవ లేదు. 2017లో చుట్టుపక్కల దేశాలు దారులు మూసినప్పుడు పాల కోసం ఆవుల్ని విమానాల్లో దించుకున్న దేశమిది, ఆవుల మనిషిని కాబట్టి ఆ కథంటే నాకు మహా ఇష్టం. అయినా ఆ గిన్నె తీసి పక్కన పెట్టాను. ఆవుపాలలోని చక్కెర కూన కడుపులో అరగదు. విరేచనాలు పట్టుకుంటాయి, అర కిలో ప్రాణంలో ఉండే నీరెంత? ఒక రోజులో వాడిపోతుంది. తెనాలి రామకృష్ణుడు వేడిపాలు పెట్టి తన పిల్లిని పాలంటేనే పారిపోయేలా చేశాడని నవ్వుకుంటాం గానీ, ఆ పిల్లి కడుపుకు ఆయన మేలే చేశాడని నా వృత్తిపరమైన అభిప్రాయం. కూనకు కూనల తిండే పెట్టాలి, తడిది, గోరువెచ్చగా, కొద్దికొద్దిగా, రోజుకు నాలుగుసార్లు.

ఇంకో రెండు మాటలు ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ల ఇళ్లలో ఈ రెండూ తరచూ జరుగుతాయి. ఒళ్లు వెచ్చగా ఉందని పెనడాల్ ముక్క వేయొద్దు. మనకు డోలో, ఇక్కడ పెనడాల్, ఏ పేరైనా లోపలున్నది పారాసెటమాల్, పిల్లి కాలేయం దాన్ని విరవలేదు, ఒక్క మాత్ర చాలు చంపడానికి. కుక్కలకని అమ్మే గోమార్ల మందు పిల్లి మెడ మీద వేయొద్దు. వాటిలో చాలావాటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి విషం. మా కూనకూ ఒళ్లంతా గోమార్లే. సన్న దువ్వెనతో దువ్వి, గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో ముంచి ఏరాను. తర్వాత ఆరబెట్టి, వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టాను. బయట మాడిపోతున్నా ఏసీ గదిలో కూనకు చలే.

నా వైపు నుంచి దానికున్న పెద్ద ప్రమాదం వేరు. క్లినిక్‌లో రోజూ జబ్బు పిల్లుల్ని ముట్టుకుంటాను. పాన్‌ల్యూకోపీనియా వైరస్ చెప్పుల అడుగున, బట్టల మీద నెలల తరబడి బతికి ఉంటుంది, టీకా పడని కూనకు సోకితే దక్కడం కష్టం. అందుకే డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, బట్టలూ చెప్పులూ మార్చుకున్నాకే ఆ గది తలుపు తీసేవాణ్ణి. అన్న దీన్ని మడి అన్నాడు. మడే.

ఇక మచ్చిక. చూసేవాడికి ఇందులో పనేమీ కనపడదు. ఒక మనిషి నేల మీద కూర్చుని ఉంటాడు, అంతే. అట్టపెట్టెకు ఒక రంధ్రం కోసి కూనకు గుహ చేశాను. దాక్కునే చోటు లేని పిల్లి ఎప్పటికీ బయటికి రాదు. తిండి గిన్నె నేనున్నప్పుడే వస్తుంది, నేను లేచిపోతే గిన్నె కూడా పోతుంది. ఇదొక్కటి కఠినంగా పాటించాలి. ఎప్పుడూ గిన్నె నిండి ఉంటే దానికి నాతో పనేముంది? మొదట్లో గిన్నె పెట్టి గది అవతలి గోడకు ఆనుకునేవాణ్ణి. పెట్టెలోంచి బుస్సుమనేది, ఎగిరి ఉమ్మేది. అరచేతిలో పట్టే జీవం పులిలా నటిస్తుంటే నవ్వొస్తుంది, నవ్వకూడదు. పళ్లు కనిపించడం దాని లెక్కలో మంచిది కాదు. గిన్నెను పూటకు కొంచెం చొప్పున నా వైపు జరిపాను. మోకాలి దగ్గరికొచ్చాక పొడుగు చెంచాతో అందించాను. చెంచా నాకుతుండగా వేలితో చెవి వెనక ఒక్కసారి తాకి తీసేశాను. బుస్సుమనలేదు, తింటూనే ఉంది. ఆ క్షణంతో సగం పని అయినట్టు.

కళ్లలోకి తేరి చూడకూడదు. పిల్లికి అది కయ్యానికి పిలుపు. రెప్పలు బరువుగా, నెమ్మదిగా వాల్చి లేపాలి. ఇది పిల్లుల మనుషులు ఏనాటి నుంచో చేస్తున్నదే అయినా, 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షించి చూసి, అలా రెప్ప వాల్చిన మనిషికి పిల్లి కూడా రెప్ప వాలుస్తుందనీ, కొత్త మనిషైనా దగ్గరికి వస్తుందనీ రాశారు. గేదెల దగ్గర నాకు ఇలాంటి మర్యాదలు అవసరం పడలేదు. ముక్కుతాడు పట్టుకుంటే చాలు.

మెడ పట్టి ఎత్తే విషయమూ చెప్పాలి. తల్లి అలా ఎత్తుతుంది, ఎంత గట్టిగా పట్టాలో దానికి తెలుసు. మనకు తెలియదు, పైగా పెరిగిన పిల్లి బరువంతా ఆ తోలు మీద పడుతుంది. 2022 ప్రపంచ కప్ సమయంలో ఇక్కడే, బ్రెజిల్ ఆటగాడు వినీసియస్ జూనియర్ విలేకరులతో మాట్లాడుతుంటే ఒక వీధిపిల్లి బల్ల మీదికెక్కి కూర్చుంది. జట్టు అధికారి ఒకాయన దాన్ని వీపు మీదా మెడ మీదా తోలు పట్టి లేపి కిందికి వదిలాడు. ఆ వీడియో లోకమంతా తిరిగింది. రెండు రోజుల తర్వాత డిసెంబర్ 9న బ్రెజిల్ క్రొయేషియా చేతిలో ఓడితే అందరూ పిల్లి శాపం అన్నారు. శాపాల సంగతి నాకు తెలియదు, పట్టిన తీరు మాత్రం తప్పు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద.

అదే పోటీలప్పుడు మరో పిల్లికి వేరే రాత. ఇంగ్లండ్ జట్టు బస చేసిన అల్ వక్రాలో ఒక వీధిపిల్లి రోజూ భోజనం వేళకు వచ్చేది. కైల్ వాకర్, జాన్ స్టోన్స్ దానికి డేవ్ అని పేరు పెట్టారు. డిసెంబర్ 10న ఫ్రాన్స్ చేతిలో ఓడి జట్టు ఇంటిదారి పట్టింది, డేవ్ మాత్రం విమానం ఎక్కలేదు. రక్తపరీక్ష, టీకాలు, ఆపైన నాలుగు నెలల క్వారంటైన్ తర్వాతే ఇంగ్లండ్ చేరగలదని అప్పుడే చెప్పారు. అంత పేరూ డబ్బూ ఉన్న ఆటగాళ్లు ఎత్తుకున్నా కాగితాలు కాగితాలే. మా క్లినిక్‌కు వచ్చేవాళ్లకు నేను ఈ కథ చెప్పకుండా వదలను.

కూన నా ఒడిలో నిద్రపోవడం మొదలుపెట్టాక సాధారణంగా అందరూ పని పూర్తయిందనుకుంటారు. నిజానికి అప్పుడే అసలు పని. నాకొక్కడికే మచ్చికైన కూన కొత్త ఇంట్లో సోఫా కింద దూరి నెల రోజులు బయటికి రాదు. దానికి మనుషులంటే ఎవరైనా ఫరవాలేదనిపించాలి. ఆడ గొంతు, పిల్లల గొంతు, గడ్డం ఉన్న ముఖం, అబాయా గుడ్డ గరగర, కాలింగ్ బెల్లు, మిక్సీ, బాంగు, అన్నీ అలవాటు కావాలి. అన్న తన వంతుగా తిండి పెట్టాడు. నేపాలీ సెక్యూరిటీ గార్డు, పైఅంతస్తు మలయాళీ డ్రైవరు వచ్చి కాసేపు కూర్చుని పోయారు. ఆడ గొంతు, పిల్లల గొంతు మాత్రం దొరకలేదు.

పక్క బిల్డింగులో గుంటూరు కుటుంబం ఒకటుంది. వాళ్ల పాప నాలుగో తరగతి. కూన సంగతి ఎలా తెలిసిందో, ముగ్గురూ వచ్చారు. "అన్నయ్యగారూ, మాకిచ్చేయండి. పాప ఒక్కతే అయిపోతోంది" అంది వాళ్లమ్మ. ఇల్లు మంచిదే, మనుషులు మంచివాళ్లే. నేను అందరినీ అడిగే ప్రశ్న అడిగాను. మీరు ఇండియా వెళ్లిపోయే రోజున దీన్ని ఏం చేస్తారు? ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన నిజాయితీగానే చెప్పాడు. "ప్రాజెక్టు వచ్చే మార్చికి అయిపోతుందండీ. అప్పటికి ఎవరో ఒకరికి ఇచ్చేద్దాం."

ఇవ్వలేనన్నాను. పాప కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకేమీ సంతోషం కలగలేదు. ఎవరో ఒకరు అనేవాడు మార్చిలో దొరకడు. నాకు తెలిసి ఈ పేటలో మనుషుల కాళ్లకు రాసుకుపోయే వీధిపిల్లుల్లో చాలావాటికి ఒకప్పుడు ఇల్లుంది. బడులకు సెలవులిచ్చే జూన్‌లో, వీసాలు క్యాన్సిల్ అయిన వారాల్లో, బిల్డింగు సెల్లార్లలో కొత్త పిల్లులు కనపడతాయి. పుట్టుకతో వీధిపిల్లి ఎలాగో బతుకుతుంది. సోఫా మీద పెరిగింది చెత్తడబ్బా దగ్గర రెండు వారాలు నిలవదు.

అయితే పాపను మాత్రం రోజూ సాయంత్రం వచ్చి కూన దగ్గర కూర్చోమన్నాను. వాళ్లమ్మ తోడుగా వచ్చేది, పాప తెలుగు వాచకం తెచ్చుకుని గట్టిగా చదివేది. అలా మాకు రెండు గొంతులూ ఒకేసారి దొరికాయి. ఒత్తులు తప్పినచోటల్లా అన్న తలుపు దగ్గర నిలబడి దిద్దేవాడు. కూన పుస్తకం మీదెక్కి పడుకునేది.

చివరికి తీసుకున్నది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సు. ఆవిడ దగ్గర ఆపరేషన్ అయిన పిల్లి ఇంకొకటి ఉంది, దానికి చిప్, టీకా పుస్తకం, అన్నీ సిద్ధం. నేను ప్రశ్న పూర్తిచేయకముందే మనీలాకు పిల్లిని పంపడానికి ఎంతవుతుందో లెక్క చెప్పింది. ఇల్లు చూడటానికి వెళ్లాను. ఇది మర్యాద తక్కువ పనిలా కనిపించినా తప్పదు. పై అంతస్తులో కాపురం, బాల్కనీకి జాలీ కొట్టించాకే ఇస్తానన్నాను, కొట్టించింది. మొదటి టీకా వేయించాం. తర్వాతవి మూడు నాలుగు వారాలకొకటి, పన్నెండు వారాలు దాటాక రేబీస్, నాలుగు నెలలకు ఆపరేషన్. ఇవన్నీ కాగితం మీద రాసిచ్చాను. ముందు ఒక్క గదిలోనే ఉంచమన్నాను. పాత పిల్లితో రెండు వారాలపాటు ముఖాముఖి వద్దు, తలుపు కింద వాసనలు మాత్రమే.

పంపేటప్పుడు అన్న కూన పడుకున్న తువ్వాలు మడిచి సంచిలో పెట్టాడు, మిగిలిన తిండి డబ్బాలూ పెట్టాడు. "ఒడిబియ్యం గూడ పొయ్యాల్నా ఏంది తమ్మీ?" అన్నాడు నవ్వుతూ. నువ్వే పెంచుకోరాదా అన్నా అని అంతకుముందు ఒకసారి అడిగి ఉన్నాను. "నాకే ఈ గది ఎన్నొద్దులో ఎర్క లేదు" అన్నాడప్పుడు. ఖతార్‌లో పిల్లి గురించి నేను విన్న మాటల్లో అంత తెలివైన మాట మరొకటి లేదు.

ఈ వ్యాసం చదివేవాళ్లలో గల్ఫ్‌లో ఉండి పిల్లిని పెంచుతున్నవాళ్లు ఉంటారు కాబట్టి పనికొచ్చే నాలుగు మాటలు. ఇండియాకు పిల్లిని తీసుకెళ్లవచ్చు. చిప్, రేబీస్ టీకా, ప్రభుత్వ పశువైద్యుల ఆరోగ్య ధ్రువపత్రం, మన జంతు క్వారంటైన్ శాఖ ముందస్తు అనుమతి కావాలి. ఆ శాఖ కేంద్రాలున్న విమానాశ్రయాల్లోనే దించాలి. తెలుగువాళ్లకు దగ్గరవి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు. విజయవాడకో తిరుపతికో నేరుగా టికెట్ కొన్నాక వచ్చి అడిగితే మేం చేయగలిగింది లేదు. విదేశంలో రెండేళ్లుండి కాపురం మార్చుకుని తిరిగొస్తున్నవాళ్లకు దారి సులువు, మిగతావాళ్లకు లైసెన్సుల గొడవ ఉంటుంది. యూరప్ వెళ్లేవాళ్లకు ఇంకా పొడుగు. ఖతార్ నుంచి అయితే రేబీస్ టీకా తర్వాత 30 రోజులు ఆగి రక్తం తీయించాలి, ఆ తర్వాత మరో మూడు నెలలు ఆగాలి. ఇవేవీ చివరి వారంలో అయ్యే పనులు కావు. కంపెనీ నోటీసు చేతికొచ్చిన రోజే, సామాను కార్గోకు రేటు అడిగే ముందే, పిల్లిని తీసుకుని దగ్గర్లోని క్లినిక్‌కు వెళ్లండి. తీసుకెళ్లలేమనుకుంటే ఆ మాట కూడా అప్పుడే చెప్పండి, ఇల్లు వెతకడానికి మాకు కనీసం నాలుగు నెలలు టైమివ్వండి.